గంట కొడితే చప్పట్లు

మన తాలూకా వెనకబడడానికి కారణం నీళ్ళు కాదు, రోడ్లు కాదు, మనస్సు అని శ్యామసుందరన్న ప్రకటించిన రోజు చింతామణి బస్టాండు దగ్గర టపాసులు కాల్చారు. ఆయన మా పక్షానికి తాలూకా అధ్యక్షుడు. ఈసారి ఎలక్షన్లో టికెట్ తనకే రావాలని చాలా నిస్వార్థంగా కోరుకుంటున్నారు. నీళ్ళూ రోడ్లూ ప్రభుత్వం పని, మనస్సు నా పని అని చెప్పి, మహిళలకు ఉచితంగా జనరల్ సైకాలజీ కోర్సు పెట్టించారు. కాలేజీ పిల్లలు మొదటి సంవత్సరంలో చదివే పుస్తకమే. ఆదివారం క్లాసు, ఆఖర్న సర్టిఫికెట్, మధ్యలో తినడానికి తీయటి కేసరిబాత్.

నేను పీయూసీ సగంలో పెళ్ళయి చదువు ఆగిపోయినదాన్ని. సర్టిఫికెట్ మీద ఆశ లేదని అనను. కానీ నేను చేరింది ఒక్క ప్రశ్న కోసం. మా సంకేత్‌కు మూడేళ్ళు దాటాయి. ఇంకా మాట రాలేదు. అమ్మా అని కూడా అనడు. డాక్టరుకు చూపిద్దామంటే మా అత్త కెంపమ్మ ఒప్పుకోలేదు.

"వాళ్ళ తాతకు అయిదేండ్లకు వచ్చె మాట. వచ్చినంక ఎవురూ ఆపలేకపోయిరి. బిడ్డకు లేనిపోని పేర్లు పెట్టించొద్దు" అంది.

ఆ ధైర్యం వంట చేసేటప్పుడు సరిపోతుంది. వాడి ముఖం చూస్తే చాలదు.

మొదటి క్లాసుకు రిబ్బను కత్తిరించడం, శాలువలు కప్పడం, ఫోటోలు అయ్యాక పాఠానికి కొంచెం టైము మిగిలింది. కాలేజీలో సైకాలజీ చెప్పే శ్రీనివాసమూర్తి మేష్ట్రు మాకు గురువు. సంకేత్‌ను ఒళ్ళో పెట్టుకునే చెయ్యెత్తాను.

"మా వాడు ఎందుకు మాట్లాడడు సార్?"

"మంచి ప్రశ్నమ్మా. భాష అనేది తొమ్మిదో పాఠం. అప్పుడు చెప్తాను" అని ఆయన, మొదటిది ఉపోద్ఘాతమేనని దాటేసి, రెండో పాఠం తీశారు.

ముందు వరుసలో శాలువతో కూర్చున్న శ్యామసుందరన్న, "దాంట్లో ఏముండాది మేష్ట్రూ?" అని అడిగారు.

"ఇంద్రియాలు సార్. కన్ను ఎట్లా చూస్తుంది, చెవి ఎట్లా వింటుంది..."

"కండ్లూ చెవులూ అందరికీ ఉండేవే కదప్పా. ఎత్తేయండి. ఎలక్షన్ దగ్గరికొచ్చె."

మేష్ట్రు ఎత్తేశారు. ఒక పాఠం అంత త్వరగా, అంత తేలిగ్గా అర్థం కావడం నా చదువులో అదే మొదలు.

మూడో పాఠం కుక్కది. గంట కొట్టి కూడు పెడుతూ పోతే, కొన్నాళ్ళకు గంట వింటేనే కుక్కకు చొంగ కారుతుందట. కూడు లేకపోయినా కారుతుందట. శ్యామసుందరన్న లేచి నిలబడ్డారు.

"కూడు లేకపోయినా?"

"లేకపోయినా సార్."

"ఇంగొకసారి చెప్పండి."

మేష్ట్రు ఇంకొకసారి చెప్పారు. శ్యామసుందరన్న కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇన్నేండ్ల రాజకీయంలో నాకు ఈ మాట ఎవురూ చెప్పలేదే" అన్నారు. చదువు విలువ తెలిసిన నాయకుణ్ణి అంత దగ్గరగా చూడడం మా అదృష్టం.

మరుసటి ఆదివారం బల్ల మీద ఇత్తడి గంట వెలిసింది. కుక్క స్థానంలో మేము, చొంగ స్థానంలో చప్పట్లు. గంట కొడతారు, మేము చప్పట్లు కొడతాం, కేసరిబాత్ వస్తుంది. మళ్ళీ గంట, మళ్ళీ చప్పట్లు. నా పక్కన కూర్చునే భాగీరథి బట్టలు కుట్టి సంసారం నడిపే మనిషి. లెక్క తేలందే ఊరుకోదు.

"మనం కొడతాండామని పెడతాండారా సార్, పెడతాండారని కొడతాండామా?"

"రెండూ ఒకటేనమ్మా. అదే సైన్సు" అన్నారు మేష్ట్రు.

కొన్ని వారాలకు కేసరిబాత్ ఆగిపోయింది. చప్పట్లు ఆగలేదు. ఆ సంతోషంలో శ్యామసుందరన్న మిఠాయి పంచారు. మాకు కాదు, పక్షం వాళ్ళకు. మాకు పంచితే ప్రయోగం చెడిపోతుందట.

ఈ విద్య క్లాసు దాటి ఊళ్ళోకి కూడా పోయింది. గుళ్ళో మంగళారతి గంట మోగితే, దండం పెట్టబోయిన భాగీరథి చప్పట్లు కొట్టింది. పూజారి వెనక్కి తిరిగి ఆమెకే దండం పెట్టాడు. పక్షంలో ఒక పెద్దాయన పోతే సంతాపసభకు మమ్మల్నే పిలిపించారు. అందరూ తల వంచి మౌనంగా నిలబడ్డప్పుడు రోడ్డు మీద ఐస్ బండివాడు గంట కొట్టాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. శ్యామసుందరన్న కొంచెం కూడా తడబడలేదు. "పెద్దాయన బతుకే చప్పట్లు కొట్టదగింది" అని మైకు అందుకున్నారు. పెద్దాయన కొడుకు కూడా కొట్టాల్సి వచ్చింది.

సంకేత్ కూడా కొట్టేవాడు. అయితే అందరికంటే వెనక. ముందు నా చేతులు చూసి, తర్వాత భాగీరథి చేతులు చూసి, అప్పుడు కొట్టేవాడు.

"చూడండమ్మా, ఆలోచన చేసి కొడతాండాడు" అని శ్యామసుందరన్న మెచ్చుకున్నారు.

నేను ప్రతి ఆదివారం చెయ్యెత్తుతూనే ఉన్నాను. "తొమ్మిదో పాఠం ఎప్పుడు సార్?" అని అడిగితే మేష్ట్రు శ్యామసుందరన్న వైపు చూసేవారు. "మూడోదే బాగుండాది కదమ్మా. ఎందుకు తొందర?" అనేవారు ఆయన.

టికెట్ తేల్చడానికి బెంగళూరు నుంచి పరిశీలకుడు వచ్చారు. బాగేపల్లిలో మహిళా సమావేశం. పార్టీ బస్సులో మమ్మల్ని తీసుకుపోయి షామియానా కింద ముందు వరుసల్లో కూర్చోబెట్టారు. గంట మోగింది, మేము కొట్టాం. పరిశీలకుడు చదువుకున్న మనిషి. "ఒకరిని చూసి ఒకరు కొడుతున్నారు. ఇందులో సైన్సు ఎక్కడుంది?" అని కన్నడంలో అడిగారు.

శ్యామసుందరన్న నవ్వారు. "కండ్లకు గంతలు కట్టండప్పా" అన్నారు.

పక్షం రంగు శాలువలు మా అందరి కళ్ళకూ కట్టారు. అది ఆట అనుకుని సంకేత్ కూడా తల చాచాడు. బిడ్డ కదా, ఫోటో బాగా వస్తుందని శ్యామసుందరన్నే స్వయంగా కట్టారు. పరిశీలకుడు తన చేత్తోనే గంట కొట్టారు.

షామియానా అంతా చప్పట్లు. నేనూ కొట్టాను. ఒళ్ళో సంకేత్ చేతులు మాత్రం నా మోకాళ్ళ మీద పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"ఈ బిడ్డ కొట్టలేదే" అన్న పరిశీలకుడి గొంతు వినబడింది. నేను నా శాలువ పైకి లాగాను.

శ్యామసుందరన్న గంట తీసుకుని వాడి చెవి పక్కన కొట్టారు. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. రెండో చెవి పక్కన కొట్టారు. మళ్ళీ చప్పట్లు. సంకేత్ నవ్వుతూ కూర్చున్నాడు, ఎవరైనా గంతలు విప్పుతారని. శ్యామసుందరన్న ముఖం వాడిపోయింది. మంచి నాయకుడి ముఖం ఎక్కువసేపు వాడిపోయి ఉండదు.

"సార్, చూస్తిరా" అన్నారు, మైకు దగ్గరికి పోయి. "ఇంతమందిలో ఒక్కడు లొంగలేదు. ఎవురు గంట కొట్టినా కదలని మనోబలం. మా క్లాసు తయారు చేసిన బిడ్డ. రేపటి ఓటరు అంటే వీడు."

పరిశీలకుడు లేచి శ్యామసుందరన్న చెయ్యి పట్టుకున్నారు. టికెట్ ఖాయమని అక్కడే చెప్పేశారు. పేపరువాళ్ళు వాణ్ణి చుట్టుముట్టి ఫోటోలు తీశారు.

శ్రీనివాసమూర్తి మేష్ట్రు ఒక పక్కన నిలబడి వాణ్ణే చూస్తున్నారు. ఇన్ని ఆదివారాల్లో ఆయన శ్యామసుందరన్న ముఖం తప్ప ఇంకొకరి ముఖం చూడడం నాకు తెలియదు. వాణ్ణి చంకనేసుకుని ఆయన దగ్గరికి పోయాను.

"సార్, మావాడిది తొమ్మిదో పాఠమేనా?"

ఆయన వాడి చెవి మెల్లగా తాకారు.

"కాదమ్మా" అన్నారు. "రెండోది."

ఇంకేదో చెప్పబోయారు. అంతలో వేదిక మీద పరిశీలకుడు ఆనందం పట్టలేక మళ్ళీ గంట కొట్టారు. మేష్ట్రు చప్పట్లు కొట్టారు.

గంటకు లొంగనివాడికే గంట దక్కాలని శ్యామసుందరన్న దాన్ని సంకేత్‌కు బహుమానం ఇచ్చారు. తిరుగు బస్సులో వాడు కిటికీ పక్కన నా ఒళ్ళో కూర్చుని, వెనక్కి పరిగెత్తే వేరుశనగ చేలు చూస్తున్నాడు. చింతామణి ఇంకా దూరముంది. గంట నా చేతిలో ఉంది. వాడి తల వెనకగా పెట్టి కొట్టాను.

బస్సులో ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఇంకొకసారి, గట్టిగా కొట్టాను. నిద్రపోతున్న భాగీరథి నిద్రలోనే కొట్టింది.

సంకేత్ కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు.