ఇరవై ఆరేళ్ళ తొమ్మిది నెలలు

నవంబరు మూడో తేదీ ఉదయం పదకొండు ఇరవైకి, గౌతమీపురం గత నిర్ధారణ కార్యాలయంలో, రిటైర్డు డ్రాయింగు మాస్టారు భీమశంకరం గారి జీవితంలోంచి ఇరవై ఆరేళ్ళ తొమ్మిది నెలలు రద్దయ్యాయి. ఆయన మెట్లు దిగేసరికి జుట్టు నల్లబడింది. వీధి గుమ్మం చేరేసరికి కొత్త పళ్ళు మొలిచి కట్టుడు పళ్ళను బయటికి నెట్టేశాయి. ఆయన వాటిని జేబురుమాల్లో చుట్టుకుని, ఇలాంటప్పుడు అందరూ చేసే పనే చేశారు. పక్క కొట్టుకు వెళ్ళి టీ తాగారు.

పద్ధతి మరీ కొత్తదేమీ కాదు. బతికే ఉన్నామని పింఛనుదార్లు ఏటా నవంబరులో రుజువు చూపించడం ఎప్పట్నుంచో ఉంది. బతికి ఉన్నంత మాత్రాన ఇన్నాళ్ళూ బతికినట్టు కాదని మూడేళ్ళ కిందట ఎవరో పెద్ద అధికారికి తోచింది. అప్పట్నుంచి గడిచిన ఏళ్ళు నిజంగానే గడిచాయని కూడా కాగితం పెట్టాలి. పెళ్ళి శుభలేఖ, పిల్లల బారసాల ఫొటో, వియ్యంకుడి సంతకం, ఏదైనా చెల్లుతుంది. చాలామందికి ఇబ్బంది లేకపోయింది. ఒకావిడ మేనకోడలి పెళ్ళి క్యాసెట్టు ఒక్కదాన్నే పెట్టి ముప్పై ఏళ్ళు గట్టెక్కించుకుంది.

భీమశంకరం గారి దగ్గర సర్వీసు రిజిస్టరు ఉంది. గుమాస్తా కుసుమకుమారి దాన్ని శ్రద్ధగా చూసింది. ఆమె మంచి మనిషి. బడి జరిగిన వేళలన్నీ జరిగినట్టే ఒప్పుకుంది. రిటైరైన తరవాతి ఎనిమిదేళ్ళకూ పింఛను కాగితాలున్నాయి కాబట్టి వాటి జోలికి పోలేదు. చిక్కంతా అంతకుముందు ముప్పై రెండేళ్ళతో వచ్చింది. బడి వదిలాక ఎక్కడికి వెళ్ళేవారని ఆమె అడిగింది. ఇంటికన్నారు. ఇంట్లో ఎవరుండేవారని అడిగింది. ఏసుదాసు అని, బ్యాండు మేళంలో క్లారినెట్టు వాయించేవాడని, ఇద్దరం అద్దె కలిసి కట్టుకునేవాళ్ళమని చెప్పారు.

కుసుమకుమారి ఫారం మీద వేలుపెట్టి వెతికింది. భార్య, సంతానం, తల్లిదండ్రులు, తోబుట్టువులు ఉన్నారు. క్లారినెట్టు లేదు.

ఆమె కూడిక మొదలుపెట్టింది. ముప్పై రెండేళ్ళ సాయంత్రాలు, రాత్రులు, ఆదివారాలు, వేసవి సెలవులు. బడి గంటలు తీసేస్తే ఇరవై ఆరేళ్ళ తొమ్మిది నెలలు తేలింది. అరవై ఆరేళ్ళలోంచి అవి పోగా మాస్టారి వయసు ముప్పై తొమ్మిదేళ్ళ మూడు నెలలు. ఆ వయసు వాళ్ళకు పింఛను రాదు. ఉత్తర్వు చేతికిస్తూ, ఇంట్లో సామాను అనుబంధంలో రాసిన వరసలో పోతుందని, తరవాత ఇరుగుపొరుగుకు జ్ఞాపకం పోతుందని, ముప్పయ్యో రోజుకు ఆయనక్కూడా పోతుందని, ఆపైన బాధేమీ ఉండదని చెప్పింది. అప్పీలు చేసుకోవాలంటే ఆలోపే. నోటిమాట చెల్లదు, రికార్డు చేసిన నోటిమాట చెల్లుతుంది. ఎదురుగా దర్జీ షాపు మేడ మీద హేమలత గారని ఒకావిడ ఉన్నారని, ఇలాంటివాళ్ళ కథలు రికార్డు చేస్తారని కూడా గొంతు తగ్గించి చెప్పింది.

'ఇలాంటివాళ్ళ' అన్న మాట మాస్టారికి చెవిలో నీళ్ళు దూరినట్టయింది. తలాడించి ఇంటికి వెళ్ళిపోయారు.

మొదటి వారం నిజానికి హాయిగానే గడిచింది. రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కారు. జంతికలు తిన్నారు. అనుబంధంలో రాసినట్టే సోమవారం రెండో కంచం పోయింది, మంగళవారం రెండో జత చెప్పులు, బుధవారం బంగారు జలతారు కుట్టిన ఎర్ర బ్యాండు కోటు. ఆ కోటు ఆరేసిన రోజుల్లో దండెం మీద కాకి వాలేది కాదు. గురువారం నాలుగు కాకులు వాలాయి.

రెండో వారంలో పెళ్ళిళ్ళ పేరమ్మ వచ్చింది. ముప్పై తొమ్మిదేళ్ళవాడు, సర్వీసు రిజిస్టరున్నవాడు, బాదరబందీ లేనివాడు అని ఆఫీసు నోటీసు బోర్డులో చూశానంది. నాలుగు ఫొటోలు బల్ల మీద పరిచి, వీళ్ళలో ఒకమ్మాయి తండ్రికి మీరే ఏడో తరగతిలో బొమ్మలు నేర్పారట, కాబట్టి తెలిసిన కుటుంబమే అంది.

ఆ తరవాత పది రోజులకు ఇంటాయన సత్తిరాజు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆయన ఆ వాటా వాళ్ళిద్దరికీ అద్దెకిచ్చిన రోజు స్వయంగా సున్నం వేయించాడు. ముప్పై రెండేళ్ళూ వాళ్ళని మాస్టార్ల జంట అని పిలిచాడు. ఇప్పుడు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"ఏమనుకోకండి. మేం బ్యాచిలర్లకి ఇల్లివ్వమండి. నెలాఖరుకి చూసుకోండి," అన్నాడు.

"నాతో ఉండే ఏసుదాసు మీకు గుర్తున్నాడాండీ?" అని అడిగారు మాస్టారు.

సత్తిరాజు కాసేపు నిజంగానే ఆలోచించాడు. లేదండి అని, కుళాయి కారుతోందేమో చూసి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం మాస్టారు స్నానం చేస్తూ ఈల వెయ్యబోయారు. పెళ్ళి ఊరేగింపు అయిపోయి ఇంటికొచ్చేటప్పుడు ఏసుదాసు వీధి మలుపులో ఒక చిన్న వరస వాయించేవాడు. తలుపు తియ్యమని దాని అర్థం. ఆ వరస మొదలు గుర్తుంది, చివర రాలేదు. మూడుసార్లు ప్రయత్నించారు. మూడోసారి మొదలు కూడా రాలేదు. ఒంటి మీద సబ్బు నురగతో అలాగే నిలబడిపోయారు. తరవాత ఆ నురగైనా సరిగ్గా కడుక్కోకుండా చొక్కా తొడుక్కుని దర్జీ షాపు మేడ ఎక్కారు. అది ఇరవై మూడో రోజు.

హేమలతకు యాభై రెండేళ్ళు. పుట్టినప్పుడు మగపిల్లవాడని రాశారు, ఆ పేరుతోనే బళ్ళో వేశారు. బడి కాగితాల్లోని అబ్బాయి నువ్వు కాదు, నువ్వేమో కాగితాల్లో లేవు అని కార్యాలయం ఆమె మొదటి పంతొమ్మిదేళ్ళూ పద్ధతి వచ్చిన కొత్తలోనే రద్దు చేసింది. తన కథ తనే రికార్డు చేసి అప్పీలు గెలిచిన మొదటి మనిషి ఆమె. ఇప్పుడామె బీరువాలో రెండొందల నలభై గొంతులున్నాయి. కరెంటు పోయినప్పుడు అవి వాటంతటవే మాట్లాడుకుంటాయి. కింద దర్జీకి దాంతో చాలా ఇబ్బందిగా ఉంది. జాకెట్లకొచ్చిన ఆడవాళ్ళు కథ సగంలో కదలరు.

ఆమె కుర్చీ చూపించి, రికార్డరు బల్ల మీద పెట్టి, దానికో అలవాటుందని ముందే చెప్పింది. దాటవేసే మాటలు దానికి వినపడవు. అప్పుడు ఎర్ర లైటు ఆరిపోతుంది.

మాస్టారు గొంతు సవరించుకుని, ఏసుదాసు అని నా రూమ్మేటు ఒకాయన, అన్నారు. లైటు ఆరిపోయింది. స్నేహితుడు అన్నారు. కుటుంబ స్నేహితుడు అన్నారు. అన్నదమ్ముల్లాంటివాళ్ళం అన్నారు. ఆ మాటకు రికార్డరు ఆరడమే కాదు, మూత కూడా తెరుచుకుంది.

"మిషను కొంచెం పెంకిదండీ," అంది హేమలత. "కంగారేం లేదు. నిజం చెప్పలేనివాళ్ళు ముందు తగువులు చెబుతారు. తగువులు బాగా ఎక్కుతాయి."

మాస్టారు ఫ్యాను గురించి మొదలుపెట్టారు. ఆయనకు మూడు మీద ఉండాలి, ఏసుదాసుకు అయిదు మీద. ముప్పై రెండేళ్ళు రోజూ దెబ్బలాడుకున్నారు, ఎవరు ముందు నిద్రపోతే రెండోవాడు తిప్పేసేవాడు. లైటు వెలిగింది. క్లారినెట్టు పెట్టెలో పెళ్ళివారి లడ్డూలు తెచ్చేవాడని, నోట్లో పెట్టుకుని ఊదే రీడుకు చక్కెర పాకం అంటుకుని, మర్నాడు కచేరీలో క్లారినెట్టు ఒక్కటే పీపీ అనేదని చెప్పారు. బ్యాండు డోలు మీద పేరు రాయమంటే తను తామరపువ్వు కూడా వేశారని, చూసినవాళ్ళు అది క్యాబేజీ అనుకున్నారని, ఏసుదాసు మాత్రం చచ్చేదాకా తామరపువ్వనే వాదించాడని చెప్పారు. కిందనుంచి కుట్టుమిషను చప్పుడు ఆగిపోయింది.

ఆ తరవాత ఆసుపత్రి వచ్చింది. మీరేమవుతారని అక్కడ నర్సు అడిగింది. పక్క వాటా అని చెప్పారు. అయితే బయట కూర్చోమంది. రెండు రోజులు బయట బెంచీ మీద కూర్చున్నారు. ఏసుదాసు పోయాక చెల్లెళ్ళు వచ్చి సామర్లకోట తీసుకుపోయారు. అక్కడ అంతిమయాత్రలో మాస్టారు బ్యాండు వాళ్ళ వెనక నడిచారు, వాళ్ళలో ఒకడనుకుని ఎవరో చేతికి తాళాలిచ్చారు.

"వాయించారా?" అని అడిగింది హేమలత.

"వాయించానమ్మా. ఏం చెయ్యను? లయ తప్పితే వాడికి నచ్చదు."

ఆ నర్సు ఇప్పుడడిగితే ఏం చెబుతారని ఆమె మెల్లగా అడిగింది.

"నా మనిషి," అన్నారు భీమశంకరం గారు. "ఏసుదాసు నా మనిషి."

రికార్డరు లైటు గది గోడలన్నీ ఎర్రబడేంతగా వెలిగింది. మాస్టారి చెవుల పక్కన జుట్టు తెల్లబడింది. ముందుపన్ను ఒకటి కదిలి ఒళ్ళో పడింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. ఆయన వాటిని నిమురుకుంటూ, ఇంకా ఉందమ్మా, చెప్పనా, అన్నారు. చీకటి పడేలోగా వేసవి సెలవులన్నీ చెప్పేశారు, మిగతా పళ్ళూ రాలిపోయాయి. మేడ దిగుతూ ఆ వరస మొదలూ చివరా ఈల వేసుకున్నారు. పళ్ళు లేకపోవడంవల్ల గాలే ఎక్కువ వచ్చింది.

ఒక ప్రతి బీరువాలోకి వెళ్ళింది, రెండోది కార్యాలయానికి. కుసుమకుమారి చెవికి పెట్టుకుని అంతా వింది. రెండు చోట్ల కళ్ళు తుడుచుకుంది. తరవాత ఫారం తీసి, 'నా మనిషి' అన్న గడి లేకపోవడంతో, 'ఇతరములు' అన్న దగ్గర టిక్కు పెట్టింది. పై ఇరవై ఆరు సంవత్సరముల తొమ్మిది మాసములు జరిగినవని తాత్కాలికముగా ధ్రువీకరించడమైనది అని ముద్ర వేసింది. తాత్కాలికమేమిటని మాస్టారు అడిగారు. వచ్చే నవంబరులో మళ్ళీ చెప్పాలండి, ఒక్క మాట కూడా మారకూడదండి, అంది.

"మరి చెప్పుకోలేనివాళ్ళ సంగతేంటమ్మా?"

"వాళ్ళు యువకులుగా ఉండిపోతారండి. జిల్లాకి యువత కావాలి కదండీ."

అది నిజమే. డిసెంబరులో లెక్కలు వచ్చాయి. యువత శాతంలో గౌతమీపురం జిల్లా మొదటి స్థానంలో నిలిచింది. మెయిన్ రోడ్డు మీద యువజనోత్సవం జరిపారు. నల్లటి జుట్లతో, నున్నటి ముఖాలతో, చేతుల్లో కాగితం జెండాలతో వాళ్ళు వరసలుగా నడుచుకుంటూ వచ్చారు. ఎండలో నిలబడి చూస్తున్న భీమశంకరం గారికి మూడో వరసలో సరళాదేవి కనిపించింది. ఆడపిల్లల హాస్టలుకు వార్డెనుగా చేసింది. సుగుణ అనే నర్సమ్మతో ఒకే ఇంట్లో ఇరవై నాలుగేళ్ళు కాపురముంది. సుగుణ పోయినప్పుడు మాస్టారే వెళ్ళి దగ్గర కూర్చున్నారు. ఇప్పుడామె ముప్పై ఏళ్ళ అమ్మాయిలా ఉంది.

ఆయన వరసలోకి అడుగేసి, సుగుణమ్మ గుర్తుందా అని అడిగారు. ఆమె ఆయన్ని మర్యాదగా చూసి నవ్వింది. "ఎవరండీ?" అంది.

దర్జీ షాపు మేడ అని, ఆదివారాలు తెరిచే ఉంటుందని ఆయన చెప్పారు. ముప్పై రోజులు దాటిపోయాయని తెలిసీ చెప్పారు. ఆమె అలాగేనండి అంటూ, దారిలో ఎవరో ఇచ్చిన కరపత్రం అందుకున్నట్టు తలూపింది. వేదిక దగ్గరపడటంతో వరస కదిలింది. ఆమె జెండా ఊపుకుంటూ ముందుకు వెళ్ళింది. రోడ్డుకు రెండువైపులా జనం చప్పట్లు కొట్టారు. మాస్టారు కూడా కొట్టారు. కొట్టకపోతే పక్కవాళ్ళు చూస్తారు.