తెరవకూడని కిటికీ

గాలి ప్రకృతి ప్రసాదమని చాలామంది పొరబడుతుంటారు గానీ, శంషాబాద్ చుట్టుపక్కల అది పూర్తిగా శాఖాపరమైన విషయం.

మంఖాల్‌లో ఉన్న ఒక్క ఎకరాన్నీ నమ్మి పాలీహౌస్ వేసి, కీర దోస పెట్టిన స్వరాజ్యానికి ఈ సంగతి తెలియదు. నమూనా పైనుంచి వచ్చింది. పక్కలన్నీ మూసేసి, లోపలి ఉక్క పోవడానికి పైకప్పుకు మాత్రం కిటికీ పెట్టారు. అది మూసి ఉంటే కప్పు విమానాల దారికి విధించిన ఎత్తులోపే ఉంటుంది. తెరిస్తే రెక్క జానెడు పైకి లేస్తుంది. అందుకని ఎత్తుల సమన్వయాధికారి అరవింద్ గారు స్వయంగా వచ్చి కిటికీకి సీలు వేశారు. (అంత కిందికి దిగిన విమానానికి ఈ కిటికీ ఒక్కటే అడ్డమా అన్నది ఆయన పరిధిలోకి రాదు.)

"తెరవొద్దంటే మరి కిటికీ ఎందుకు పెట్టిచ్చిన్రు సారూ?" అంది స్వరాజ్యం.

"కిటికీ ఉండటం తప్పనిసరి అమ్మా. తెరవడం నిషేధం. రెండూ వేర్వేరు శాఖలు."

రోజూ తెల్లారేసరికి ప్లాస్టిక్ కప్పు కింద చెమ్మ చుక్కలు కట్టి ఆకుల మీద రాలేది. ముందు పసుపు మచ్చలొచ్చాయి, తర్వాత ఆకుల అడుగున బూజు.

"సీలు తెంపుదాం. జర గాలాడితే తీగలు బతుకుతయ్," అన్నాడు భర్త యాదగిరి.

"తెంపితే కరెంటు కట్ చేస్తరంట. ఇగ నీళ్లెట్ల పెడ్తవ్?"

పద్ధతి ప్రకారమే పోదామని తెగుళ్ల విభాగాన్ని పిలిపించారు. లోపలికి రాగానే అధికారిణి ప్రేమలత గారి కళ్లద్దాలు మసకబారాయి. ఆమె వాటిని తుడుచుకుని, 'గాలి ఆడేలా కిటికీ తెరవవలెను' అని సిఫారసు రాసిచ్చారు. స్వరాజ్యం దాన్ని పట్టుకుని అరవింద్ గారి దగ్గరికి ఉరికింది.

"సిఫారసు బాగుంది," అన్నారాయన మెచ్చుకోలుగా. "కానీ రోగమున్న కట్టడాన్ని తెరిస్తే బూజు బయటికి పోదా అమ్మా? ముందు తగ్గనివ్వండి. తగ్గాక తెరుద్దాం."

తగ్గలేదు. మొగుడూ పెళ్లాలు పంటంతా పీకి, గట్టు అవతల కాలబెట్టారు.

తర్వాత వచ్చిన తనిఖీ బృందం ఖాళీ నేలనంతా ఓపికగా పరిశీలించి, తెగులు ఎక్కడా లేదని తేల్చింది. మండలమంతటా ఇదే నమూనా కట్టాలనీ, స్వరాజ్యాన్ని ఆదర్శ రైతుగా ప్రకటించాలనీ తీర్మానించింది. ఆమెను సీలు వేసిన కిటికీ కింద నిలబెట్టి, మైలార్‌దేవ్‌పల్లి బజారులో కొనుక్కొచ్చిన కీర దోసకాయను చేతిలో పెట్టి, ఫోటోకు నవ్వమన్నారు.