ఏకగ్రీవంగా మగబిడ్డ

వచ్చే ఎన్నికలలోపు తనకు కొడుకు పుడతాడని మా ఆరోగ్యశాఖ మంత్రిగారు పార్టీ కార్యవర్గ సమావేశంలో ప్రకటించారు. ఆ కొడుకును నియోజకవర్గ వారసుడిగా గుర్తిస్తూ కార్యకర్తలు అక్కడికక్కడే తీర్మానం చేసి, లేచి నిలబడి, ఏకగ్రీవంగా ఆమోదించారు. అప్పటికి అమ్మగారు గర్భవతి కారు. అంత చిన్న విషయాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మంత్రిగారి దూరదృష్టి అలాంటిది.

నేను ఆయన పి.ఏ.ని. పదకొండేళ్ళుగా ఆయన ఫైళ్ళూ ఫోన్లూ కళ్ళజోడూ మోస్తున్నవాణ్ణి. అందుచేత ఈ మహాకార్యాన్ని దగ్గరనుంచి చూసే భాగ్యం దక్కింది.

మంత్రిగారికి ముగ్గురు కూతుళ్ళు. పెద్దమ్మాయి లా చదువుతూ, కాలేజీ అయ్యాక పార్టీ ఆఫీసులో కూర్చుని జనం అర్జీలకు జవాబులు రాసేది. పనులు జరిగేవి. జనం మంత్రిగారిని మెచ్చుకునేవారు. ఆ మెప్పులో మంత్రిగారూ జనంతో ఏకీభవించేవారు. మీ తర్వాత పెద్దది ఉందిగా అని అమ్మగారు ఒకసారి అన్నారు.

"ఆడపిల్ల అర్జీలు చూస్తుందిగానీ, సీటు నిలబెడుతుందటే?" అని మంత్రిగారు నవ్వారు.

అమ్మగారు మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

గర్భం రాకముందే మగబిడ్డను ఖాయం చేసే నిపుణుణ్ణి పార్టీవాళ్ళు వెతికి తెచ్చారు. ఆయన పశుసంవర్ధక శాఖలో రిటైరైన అధికారి. ఒక చార్టు పరిచి, తన పద్ధతిలో నూటికి ఎనభై విజయాలన్నారు. ఎనభై మంది మగపిల్లలా అని అడిగాను. కాదట, ఎనభై పెయ్యదూడలట. ఇప్పుడు మనకు కావలసింది మగబిడ్డ కాబట్టి చార్టును తలకిందులుగా చదివితే సరిపోతుందన్నారు. ఆ విజ్ఞానానికి మంత్రిగారు ముగ్ధులయ్యారు.

చార్టు ప్రకారం అమ్మగారికి మేడమీది గదిలో పూర్తి విశ్రాంతి. వంటింట్లోకి రాకూడదు, చుట్టాలను చూడకూడదు, మంత్రిగారి సభల్లో కూర్చోకూడదు. మంత్రిగారికి టీ బంద్, బిగుతు ప్యాంట్లు బంద్. వీటితోపాటు నిమిషాలతో సహా లెక్కగట్టిన ముహూర్తాలు. వాటిని టూర్ డైరీలో "అంతర్గత సమీక్ష" అని రాయమన్నారు. రాశాను.

ఆడపిల్లల సమానత్వ సదస్సులో మంత్రిగారు ఉద్వేగంగా మాట్లాడుతుండగా పదకొండు నలభై అయింది. కూతురు ఇంటికి వెలుగు అన్న వాక్యాన్ని "ఇంటికి" దగ్గరే ఆపి, కారెక్కి ఇంటికి వెళ్ళిపోయారు. మాటకూ చేతకూ ఇంత దగ్గర సంబంధం ఉన్న నాయకుణ్ణి నేను చూడలేదు. మరోసారి కొత్త ఆస్పత్రి రిబ్బన్‌ను కారు కిటికీలోంచే కత్తిరించారు. ఈ అంతర్గత సమీక్షలు ఏమిటని ప్రతిపక్షం సభలో నిలదీసింది. పని క్షేత్రస్థాయిలో చురుగ్గా సాగుతోందని, ఫలితం త్వరలో సభ ముందుంచుతానని మంత్రిగారు హామీ ఇచ్చారు.

పద్నాలుగు నెలలు గడిచాయి. కొడుకు లేడు సరికదా, కూతురి జాడ కూడా లేదు. మగబిడ్డలు కాస్త నెమ్మదిగా వస్తారని నిపుణుడు సర్దిచెప్పారు. కార్యకర్తలు మాత్రం గుసగుసలాడటం మొదలుపెట్టారు. మంత్రిగారు అమ్మగారికి పరీక్షలు చేయించారు. ఏ లోపమూ లేదు. అప్పుడు డాక్టరమ్మ మంత్రిగారిని కూడా పరీక్షించాలన్నారు. మంత్రిని పరీక్షించడమేమిటని ఆయన మండిపడ్డారు. ఆస్పత్రి ఆకస్మిక తనిఖీ అని డైరీలో రాసి తీసుకెళ్ళాను. అమ్మగారూ పెద్దమ్మాయీ వెంట వచ్చారు.

డాక్టరమ్మ రిపోర్టు చూసి, పాత రిజిస్టరు తెప్పించి తిరగేశారు.

"మీకు ఆరేళ్ళ కిందటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిపోయింది కద సార్," అన్నారు చివరికి.

అప్పట్లో మగవాళ్ళ ఆపరేషన్ శిబిరానికి జనం రావడానికి భయపడుతుంటే, ధైర్యం చెప్పడానికి ముందుగా బల్లమీద పడుకున్నది మంత్రిగారే. అది ఫోటో కోసమని ఆయన వాదించారు. సూది కూడా ఫోటో కోసమే అనుకున్నారట. రెండురోజులు నొప్పెడితే బల్ల గట్టిదనుకున్నారట. డాక్టరమ్మ అంగీకారపత్రం ముందుకు జరిపారు. కింద పచ్చసిరాతో ఆయన సంతకం. ఆ కాగితాన్ని ముందు పెట్టిందెవరని మంత్రిగారు నావైపు చూశారు. ఆరోజు నలభై ఫైళ్ళున్నాయని మనవి చేసుకున్నాను. పక్కనే సాక్షి సంతకం ఉంది. అది అమ్మగారిది.

"నీకు తెలుసా?"

"చదివే పెట్టాను."

"మరి పద్నాలుగు నెలల్నుంచి నోరు మెదపలేదేం?"

అమ్మగారు కొంగు సర్దుకున్నారు. "చెబుదామనే అనుకున్నానండీ. ఇంతలో పూర్తి విశ్రాంతి అన్నారు. పెళ్ళయ్యాక ఆ మాట వినడం అదే మొదలు."

బయట విలేకరులు చేరారు. ఏదో ఒక ప్రకటన ఇచ్చి పంపెయ్యమని మంత్రిగారు కుర్చీలో కూలబడ్డారు. నేను ప్యాడ్ తీసి తేదీ వరకు రాశాను. నేను రాస్తాను నాన్నా అని పెద్దమ్మాయి నా చేతిలోంచి ప్యాడ్ తీసుకుంది. రాసిందాన్ని అమ్మగారు రెండుసార్లు చదివి తలూపారు. నేను మంత్రిగారి ముందుంచి, అలవాటు ప్రకారం సంతకం చోట వేలు పెట్టాను. ఆయన అలవాటు ప్రకారం చేశారు.

తన రాజకీయ వారసురాలు పెద్ద కుమార్తేనని మంత్రిగారు మర్నాడు ఉదయం పేపర్లో చదివారు. రెండోసారి చదువుతుండగా ముఖ్యమంత్రిగారు ఫోన్ చేసి, ఇంత ఆదర్శవంతమైన నిర్ణయం ఎలా తీసుకోగలిగావయ్యా అని అభినందించారు.

మంత్రిగారు లేచి నిలబడ్డారు.

"ఎన్నాళ్ళనుంచో ఆలోచించి తీసుకున్నదేనండి," అన్నారు.