పాత సీలు తీసే రోజు

ఆ ఉదయం ఇంజనీరు పెట్టుకున్న పని ఒక్కటే. అణు విద్యుత్ కేంద్రం పంపుల గదిలో ఒక వాల్వుకున్న పాత రబ్బరు సీలు తీయించి కొత్తది వేయించాలి. సీలంటే నీళ్ళు కారకుండా పట్టి ఉంచే నల్లటి రింగు. ఏళ్ళ తరబడి రేడియేషన్ తగిలితే రబ్బరు సాగే గుణం పోగొట్టుకుని చెక్కలా గట్టిపడుతుంది. భుజాన తువ్వాలు వేసుకుని, స్నానానికి వెళ్ళబోతూ ఫిట్టరుకు ఫోను చేశాడు.

"ముసలిదైపోయిందయ్యా. బిగుసుకుపోయింది. అక్కడే తిష్ఠ వేసి కూర్చుంది, ఇక లాభం లేదు. ఇవాళ తీసేద్దాం."

తలుపవతల అత్తగారు దుప్పటి మడత పెడుతున్నారు. వారం రోజులుందామని కూతురింటికి వచ్చి మూడు నెలలైంది. ఆ మాట చెవిన పడగానే చేతులు ఆగిపోయాయి.

"మొరటుగా లాగకు, ముక్కలైపోతుంది. పైకి నిగనిగలాడుతుంది గానీ లోపలంతా పగుళ్ళే. తీశాక సంచిలో చుట్టి, పీపాలో పెట్టి మూత బిగించు. పాతిపెట్టే సంగతి వాళ్ళు చూసుకుంటారు."

ఇంజనీరు ఈల వేసుకుంటూ స్నానానికి వెళ్ళాడు. అత్తగారు దుప్పటితో సహా పక్కింట్లో దూరి, పక్క ఊళ్ళో డ్రైవింగ్ స్కూలు నడిపే కొడుక్కి ఫోను చేశారు.

"ఒరేయ్, మీ బావ నన్ను పీపాలో పెట్టి పాతేస్తాడట్రా! మనుషుల్ని కూడా మాట్లాడేశాడు!"

"ఏ పీపా అమ్మా?"

"ఏదైతే ఏంట్రా, నేను పట్టేదే చూసుంటాడు!"

అంతలో ఫోనులో చార్జింగు అయిపోయింది. కొడుకు ఆగమేఘాల మీద వచ్చేసరికి ఇంటికి తాళం. ఇంజనీరు ఎప్పుడో డ్యూటీకి వెళ్ళిపోయాడు. బడిలో పాఠం చెప్పే అక్క ఫోను తీయలేదు. అతను కారు తిన్నగా అణు కేంద్రం గేటు దగ్గర ఆపాడు.

"మా అమ్మేది? పీపాలో పెట్టేశారా?" అని అరిచాడు.

అలాంటి గేటు దగ్గర అనకూడని మాట అది. పీపాలో మనిషి ఉందన్న కబురు కంట్రోల్ రూము దాటి పెద్దాఫీసరు చెవికి చేరేసరికి, పీపాల నిండా మనుషులే అయ్యారు. గేట్లు మూసేశారు. సైరన్ మోగింది. చెత్త పీపాలన్నీ వరసగా నిలబెట్టి తూకం వేయసాగారు. వాల్వు విప్పిస్తున్న ఇంజనీరును ఉన్నపళంగా గేటు దగ్గరికి పిలిపించారు.

"మీ అత్తగారి బరువెంత?" అన్నాడు పెద్దాఫీసరు.

ఇంజనీరు తెల్లబోయాడు. "ఎప్పుడూ అడగలేదండీ."

అప్పుడే టాక్సీలోంచి అత్తగారు దిగారు. కొడుకు కారు ఇటువైపు దూసుకురావడం పక్కింటి కిటికీలోంచి చూశారట.

"అమ్మా, బతికే ఉన్నావా!"

"నాకేంరా! నిన్ను కూడా పెట్టేశాడేమోనని వచ్చాను!"

పొద్దున తన ఫోను మాటలు విన్నారని ఇంజనీరుకు అర్థమైంది. దుప్పటి పట్టుకుని నిలబడ్డ ఆవిడను చూస్తే అతనికి కోపం రాలేదు, మనసు చివుక్కుమంది. ప్రయోగశాల నుంచి రెండు రింగులు తెప్పించి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇది కొత్తదండీ, లాగి చూడండి."

జంతికంత రింగు జానెడు సాగింది.

"రెండోది రేడియేషన్ పెట్టి పరీక్షించింది. భయం లేదు, కిరణాలు తగిలాయే గానీ ఏమీ అంటుకోలేదు. వాల్వులోదైతే రియాక్టరు నీళ్ళలో నానింది, అందుకే దానికి పీపా తప్పదు."

అత్తగారు కాస్త వంచగానే రెండో రింగు పుటుక్కున విరిగింది. ముసలిదైపోయింది ఎవరో అప్పటికి తెలిసొచ్చింది. ఆవిడ తల దించుకున్నారు.

"పోనీలేమ్మా," అన్నాడు కొడుకు. "వచ్చేస్తానని మొన్న నువ్వే అన్నావుగా. ఎలాగూ కారు తెచ్చాను, బట్టలు సర్దుకో."

ఈ సంగతి ఇంజనీరుకు కొత్త. అతని ముఖం విప్పారింది.

"అనుకున్నాను రా," అన్నారు అత్తగారు కళ్ళొత్తుకుంటూ. "కానీ రబ్బరుకే ఈ గతి పట్టే చోట అల్లుడు రోజూ పనిచేస్తున్నాడు. కడుపు నిండా పెట్టి చూసుకోవద్దూ? పైగా బంగారంలాంటి మనిషిని అనుమానించాను. ఆ తప్పు దిద్దుకునేదాకా కదలను."

అందరూ ఇంజనీరు వంక చూశారు.

"చాలా సంతోషమండీ," అన్నాడతను.

ఒత్తిడి తట్టుకునే పరీక్షలు ఆ కేంద్రంలో రబ్బరుకు మాత్రమే చేస్తారు.