మైకులో అరెస్టు

జానయ్య కుర్చీలోంచి లేవడానికి వీల్లేదు. లేస్తే జైలు. ఫోను పెట్టేస్తే జైలు. ఎవరికైనా చెప్తే ఇంటిల్లిపాదికీ జైలు. ఈ షరతులు పెట్టిన పెద్దాఫీసరు ఫోను తెర మీద మీసం సవరించుకుంటూ కూర్చున్నాడు. ఒంటి మీద ఖాకీ, వెనక గోడకు జెండా.

“తలుపు గడియ పెట్టావా?”

“పెట్టిన సార్.”

“కిటికీ?”

“అదీ మూసిన సార్. ఫ్యాను గూడ బందు చెయ్యమంటరా?”

“అక్కర్లేదు. నువ్విప్పుడు డిజిటల్ అరెస్టులో ఉన్నావు. పేరు జానయ్య, తండ్రి లచ్చయ్య, ఇంటి నంబరు రెండు బై పద్నాలుగు. నీ ఆధార్‌తో ముంబైలో పార్శిల్ బుక్కయింది. అందులో మత్తుమందు దొరికింది.”

జానయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. చచ్చిపోయి పదేళ్లయిన నాయిన పేరు కూడా చెప్పాడంటే వీడు పెద్దాఫీసరే!

జానయ్య బండలగూడెం పంచాయతీ కారోబార్. ఇంటి పన్ను వసూలు నుంచి నల్లా నీళ్లు వదిలించడం దాకా ఊళ్లో ప్రతి పనీ అతని చేతి మీదుగా నడవాల్సిందే. అన్నిటికంటే అతనికి ఇష్టమైన పని మైకు. పొద్దున్నే ఆఫీసు గదిలో కూర్చుని, గొంతు సవరించుకుని, “గ్రామ ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా” అని మొదలుపెట్టి, “ఇట్లు, కారోబార్ జానయ్య” అని ముగించనిదే అతనికి చాయ్ రుచించదు.

ఆ రోజు పొద్దున పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, పోలీస్ స్టేషన్ నుంచి మేడమ్ వచ్చి ఫోన్ మోసాల గురించి చెబుతుందని, అందరూ రావాలని మైకులో చెప్పడం. రెండోది, భార్య సుక్కమ్మతో అంగడికి పోయి పాడి బర్రెను కొనడం. బర్రె కోసం ఆమె మహిళా సంఘంలో లోను తీసింది. ఆ డబ్బు ముందురోజే జానయ్య ఖాతాలో వేయించింది. బర్రె రాకముందే సుక్కమ్మ కొత్త పలుపు కొని, దానికి గజ్జెలు కూడా కట్టి పెట్టింది.

మొదటి పని బ్రహ్మాండంగా మొదలైంది. “తెలువని ఫోన్లకు భయపడొద్దు, మోసపోవద్దు” అని జానయ్య ఘనంగా చెబుతుండగానే ఫోను మోగింది. కంగారులో మైకు కట్టెయ్యడం మరిచాడు. మైకు గొట్టాలు ఆఫీసు మీదే ఉంటే సంగతి అప్పుడే తెలిసేది. కానీ పక్కనే ఉన్న బడి పిల్లలకు ఇబ్బందని వాటిని దించి ఊరి నడుమ వాటర్ ట్యాంకు మీదికి మార్చారు. కిటికీ మూసిన గదిలో, గడగడా కొట్టుకునే ఫ్యాను కింద, జానయ్యకు తన అరెస్టు మహా రహస్యంగా సాగుతున్నట్టే ఉంది. ట్యాంకు కింద బిందెలు పెట్టుకుని నిలబడ్డ వాళ్లకు మాత్రం ఆఫీసరు మీసం తప్ప అన్నీ అందుతున్నాయి.

“నీ వివరాలు ఎవరో బయటికి ఇచ్చారు. ఎవరి మీద అనుమానం? దాస్తే నువ్వే ముద్దాయివి.”

జానయ్య ఊరంతటినీ కళ్ల ముందు నిలబెట్టుకున్నాడు.

“బీరప్ప మీద అనుమానం సార్. గొర్ల లోనుకు జామీను ఉండమని నిరుడు నా ఆధార్ జిరాక్సు తీస్కపోయిండు. వానికి గొర్ల మీదున్న పాయిరం మనుషుల మీద ఉండది.”

ట్యాంకు పక్క నుంచి మంద తోలుకుపోతున్న బీరప్ప ఆగిపోయాడు.

“ఇంకా?”

“నిర్మలమ్మ సార్. మహిళా సంఘం లీడరు. ఆడోళ్లయి, వాళ్ల మొగోళ్లయి, అందరి జిరాక్సులు ఆమె బీరువలనే ఉంటయి. బీరువకు తాళం ఉన్నది గని ఆమె నోటికి లేదు సార్.”

నిర్మలమ్మ బిందె కింద పెట్టింది. నల్లా కట్టెయ్యకుండానే నడక మొదలుపెట్టింది.

“నీ భార్య?”

“ఆమె మీద అనుమానం లేదు సార్,” అన్నాడు జానయ్య, భార్యను కాపాడుతున్నానన్న నిండు నమ్మకంతో. “ఆమెకు గంత తెలివి ఏడున్నది?”

ఇంటి ముందు గజ్జెల పలుపు పట్టుకుని భర్త కోసం చూస్తున్న సుక్కమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా బయలుదేరింది.

ఇదేదీ తెలియని జానయ్య ఆఫీసరు ముందు చేతులు జోడించాడు. “నన్ను ఇడ్సిపెట్టుండ్రి సార్. మీ కాల్మొక్త.”

“నువ్వు అమాయకుడివని నాకు తెలుసు. ఒక్కటే దారి. నీ ఖాతాలో ఉన్నదంతా ప్రభుత్వ ఖాతాకు పంపు. తనిఖీ చేసి సాయంత్రానికి తిరిగి వేస్తాం.”

“గవి బర్రె పైసలు సార్!”

“బర్రె కావాలా, బెయిలు కావాలా?”

జానయ్యకు కళ్ల ముందు బర్రె కనిపించింది. దాని వెనకాలే సుక్కమ్మ కనిపించింది. ఆ వెనక జైలు ఊచలు కనిపించాయి. యాప్ తెరిచి, ఆఫీసరు చెప్పిన నంబరు కొట్టాడు. పిన్ అడిగింది. సగం కొట్టాడు.

తలుపు ధడేల్‌మంది.

“తలుపు తియ్‌రా జానిగా!”

“పోలీసులొచ్చిర్రు సార్! మీరు పంపినోళ్లేనా?”

తెర మీద ఆఫీసరు మొహం మాడింది. “పోలీసులా? నేనెవర్నీ పంపలేదే! ముందు పిన్ కొట్టు, త్వరగా!”

మిగతా సగం కొట్టేలోపు గడియ ఊడి జానయ్య ఒళ్లో పడింది. వదులైంది, బాగు చేయించు అని సర్పంచ్ ఎన్నిసార్లు చెప్పినా జానయ్య వాయిదా వేసిన గడియ అది. బర్రెను కాపాడింది ఆ బద్ధకమే.

ముందు బీరప్ప, వెనక నిర్మలమ్మ, వాళ్లను తోసుకుంటూ సుక్కమ్మ. ఆ వెనక సగం ఊరు. సుక్కమ్మ ఫోను లాక్కుని యాప్ మూసేసింది.

“ఎవరు నువ్వు? నిన్ను కూడా అరెస్టు చేస్తున్నాను!” అని గద్దించాడు ఆఫీసరు.

“చెయ్యి బిడ్డ. ఎన్ని దినాలో జర చెప్పు, బర్రెను గూడ తోల్కొస్త. ఈడనే పాలు పిండుకుంట కూసుంటం.”

“నన్ను గూడ చెయ్యి సారూ,” నిర్మలమ్మ తల దూర్చింది. “గని ముందుగాల నీ ఆధార్ జిరాక్సు పంపు. బీరువల జాగా ఉన్నది.”

అంతలో ఆఫీసరు వెనక, జెండాకు అవతల, కుక్కర్ గట్టిగా కూత పెట్టింది.

“ఠాణల కుక్కరేంది సారూ?” అన్నాడు బీరప్ప. “పప్పా, మటనా?”

తెర నల్లబడింది. అరెస్టు చేసినవాడే పరారయ్యాడు.

అప్పుడు మూడు జతల కళ్లు జానయ్య వైపు తిరిగాయి. నిర్మలమ్మ కొంగు నడుముకు దోపింది. బీరప్ప కర్ర చేయి మార్చాడు. సుక్కమ్మ చేతిలో పలుపు గజ్జెలు ఘల్లుమన్నాయి. సరిగ్గా ఆ క్షణాన దేవతలా లోపలికి వచ్చింది స్టేషన్ నుంచి రావాల్సిన మేడమ్, కానిస్టేబుల్ సుహాసిని.

“శెభాష్ పెద్దనాయిన!” అంది చప్పట్లు కొడుతూ. “నేను గంట సేపు చెప్పినా గింత మంచిగ సమజ్ కాకపోవు. మైకు పెట్టి మరీ చేసి చూపెట్టినవ్!”

అప్పుడు చూశాడు జానయ్య, మైకు మీద వెలుగుతున్న ఎర్ర దీపాన్ని. గుండె ఒక్కసారి ఆగి, తెలివి తెచ్చుకుని మళ్లీ కొట్టుకుంది.

“మరేమనుకున్నవ్ బిడ్డ?” అన్నాడు ఛాతీ పొంగించి. “ప్రజలకు ఊకె చెప్తే ఎక్కదు. చూపెట్టాలె.”

“గదంత నాటకమా?” బీరప్ప కర్ర దించాడు. “మరి నన్ను తిట్టింది?”

“తిట్టకపోతే వాడు నమ్ముతడా?”

నిర్మలమ్మ కొంగు వదిలేసింది. సర్పంచ్ కోసం తెచ్చిన శాలువా సుహాసిని జానయ్యకే కప్పింది. ఊరు చప్పట్లు కొట్టింది. సుక్కమ్మ ఒక్కతే కొట్టలేదు.

“ఏ పోలీసూ ఫోన్ల అరెస్టు చెయ్యడు. గసోంటి ఫోనొస్తే భయపడకుంట కట్ చెయ్యుండ్రి. పైసలు పోతే ఎంటనే 1930కి ఫోన్ కొట్టుండ్రి,” అంది సుహాసిని. “గని పెద్దనాయినా, మీ నాయిన పేరు, ఇంటి నంబరు వానికెట్ల తెలిసినయ్?”

“గదే నాకూ సమజైతలేదు,” అన్నాడు జానయ్య శాలువా సర్దుకుంటూ. “ఎవడో దొంగ ఇచ్చిండు.”

సుక్కమ్మ చేతిలోని ఫోను టింగుమంది. ఆమె చూసి సుహాసినికి అందించింది. సుహాసిని పైకే చదివింది:

“అభినందనలు జానయ్య గారూ! మీ ఆధార్ నంబరు, తండ్రి పేరు, ఇంటి నంబరు అందాయి. మీరు పంపిన మిత్రులు బీరప్ప గారు, నిర్మలమ్మ గారి వివరాలు కూడా అందాయి. ఇంకో ఇద్దరివి పంపితే మీ ఉచిత ఫ్రిజ్ బయలుదేరుతుంది.”

నిర్మలమ్మ కొంగు మళ్లీ నడుముకు దోపింది.

“బర్రెను కొంటున్నం గద,” అన్నాడు జానయ్య. “పాలు పెట్టుకునేతందుకు… సుక్కమ్మకు చెప్పకుంట తెద్దామని…”

బీరప్ప జేబులో ఫోను మోగింది. తెలియని నంబరు. అతను తీసి చూస్తుండగానే నిర్మలమ్మ ఫోను కూడా మోగింది.

సుక్కమ్మ మైకును జానయ్య మూతి దగ్గరికి జరిపింది. “నాకు తెలివి లేదంటివి గద. తెలివిగల్లోనివి, నువ్వే చెప్పు.”

జానయ్య గొంతు సవరించుకున్నాడు.

“గ్రామ ప్రజలందరికీ తెలియజేయునది ఏమనగా… మన వివరాలు దొంగలకు ఇచ్చిన మనిషి దొరికిండు.”

మైకు కట్టెయ్యబోయాడు.

“పేరు,” అంది సుక్కమ్మ. గజ్జెలు మళ్లీ ఘల్లుమన్నాయి.

“కారోబార్ జానయ్య,” అన్నాడు జానయ్య. అలవాటు ఊరుకోనివ్వలేదు. “ఇట్లు, కారోబార్ జానయ్య.”