దశరథం సార్ బడికి ఏసీ బస్సు

ఆ సోమవారం పొద్దున దశరథం సార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడున్నరకు హజీరా కంపెనీ బస్సు బడి ముందు ఆగాలి. పూర్వ విద్యార్థి వినోద్ యూనిఫాంలో దిగి, పోగైన తల్లిదండ్రులకు రెండు ముక్కలు చెప్పి, మళ్లీ అదే బస్సెక్కి డ్యూటీకి వెళ్లిపోవాలి. మొత్తం ఐదు నిమిషాలు. ఐదు నిమిషాల పనులే కొంపలు ముంచుతాయని ఇరవై రెండేళ్ల అనుభవం ఆయనకు చెప్పకపోలేదు గానీ, వినే స్థితిలో లేడు.

సూరత్‌లోని బమ్రోలిలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద బతికే తెలుగువాళ్ల పిల్లల కోసం అద్దె మేడలో నడిపే బడి అది. కొత్తగా ఇరవై మంది చేరకపోతే మేడ ఖాళీ చేయించి ఎంబ్రాయిడరీ మిషన్లు దింపుకుంటానని యజమాని సేఠ్ తేల్చేశాడు. గడువు ఆ మధ్యాహ్నం పన్నెండు గంటలు. అప్పటికి చేరినవాళ్లు నలుగురు. ఆ నలుగురిలో ఒకడు దశరథం సార్ సొంత మనవడు.

అందుకే పూర్వ విద్యార్థుల విజయాలతో గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. ఎవరి సంగతులు వాళ్లనే వాట్సాప్‌లో పంపమన్నాడు. సంతోషి ఆస్పత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. రాజు సలాబత్‌పురాలో కంప్యూటర్ మీద చీరల డిజైన్లు గీస్తున్నాడు. సంధ్యకు బీకాం పూర్తయింది, పెళ్లి కుదిరింది. పరుశురాం ఆరు నెలలుగా క్రమం తప్పకుండా జిమ్‌కు వెళ్తున్నాడు.

"గిది సుత విజయమేనా?" అని అడిగింది పద్మారాణి టీచర్. ఆమె సార్ భార్య, ఒకటో తరగతికి దిక్కు.

"బడికి ఒక్కనాడన్న క్రమం తప్పకుంట వచ్చిండా వాడు? ఆ లెక్కన విజయమే," అన్నాడు సార్.

వీళ్లందరి నడుమ నిలువెత్తు వినోద్ బొమ్మ. సాంచాల మీద ముప్పై ఏళ్లు పనిచేసిన తండ్రికి, చీరలకు కుచ్చులు కట్టే సారక్కకు పుట్టి, హజీరాలోని పెద్ద కంపెనీలో ఇంజినీరింగ్ ట్రైనీ అయినవాడు. ఫ్లెక్సీని నమ్మనివాళ్లు కూడా మనిషిని చూస్తే నమ్ముతారని సార్ నమ్మకం.

బస్సు సరిగ్గా ఏడున్నరకే వచ్చింది. బమ్రోలి దాని మొదటి స్టాపు కావడంతో వినోద్, డ్రైవర్ భరత్‌భాయ్ తప్ప లోపల నరపురుగు లేదు. వినోద్ దిగి మైకు అందుకున్నాడు. భరత్‌భాయ్ ఏసీ ఆన్‌లోనే ఉంచి చాయ్ బండి దగ్గరికి నడిచాడు. ఇంతవరకు అంతా పథకం ప్రకారమే నడిచింది.

జూన్ ఎండ అప్పుడే మాడు పగలగొడుతోంది. కొడుకు ఉపన్యాసం ఇంట్లో రోజూ వినేదే కాబట్టి, సారక్క పక్కనున్న సాంచాల కార్మికుడు వెంకటయ్య చెవిలో మెల్లగా అంది. "మా వినోద్ బస్సు ఎట్లుంటదో జూస్తవా అన్నా? లోపట సల్లగ ఉంటది. జరసేపు కూసొని దిగుదాం."

వెంకటయ్య తన కొడుకును చంకనేసుకుని సారక్క వెనకే ఎక్కాడు. ఆ ఎక్కడంతోనే పథకం చేయి జారింది.

సూరత్ నుంచి సొంతూరికి ఇరవై గంటలు బస్సుల్లో ఊగినవాళ్లకు ఒక ధర్మం తెలుసు. ఖాళీ బస్సు కనిపిస్తే ముందు సీటు ఆపాలి, ఎక్కడికి పోతుందో తర్వాత అడగవచ్చు. వెంకటయ్య ఎక్కడం చూసి ఇంకొకాయన ఎక్కాడు. ఆయన వెనుక ఆయన భార్య, ఆమె వెనుక అత్తగారు. అలవాటున ఒకరు కిటికీలోంచి తువ్వాల వేయబోయారు గానీ అద్దం తెరుచుకోలేదు. మూడు నిమిషాల్లో బస్సు నిండింది. దిగుదామనుకున్న ఒకరిద్దరు కూడా, దిగితే సీటు పోతుందని ఆగిపోయారు.

భరత్‌భాయ్ చాయ్ తాగి వచ్చి చూశాడు. పిల్లలు, ముసలివాళ్లు, పూల చీరలు. పోయిన నెల కంపెనీ ఫ్యామిలీ డేకు ఇలాగే కుటుంబాలను తీసుకెళ్లాడు. మళ్లీ పెట్టారు కాబోలు, తనకెవరు చెప్తారు అనుకున్నాడు. వినోద్ కూడా వాళ్లలోనే ఎక్కడో కూర్చుని ఉంటాడు. టైము చూసుకుని, "బేసో, బేసో!" అని అందరినీ కూర్చోమని గేరు వేశాడు.

"శ్రద్ధగా చదివితే మీ పిల్లలు కూడా..." అని కాగితం చూసి చదువుతున్న వినోద్ తలెత్తేసరికి ఎదుట ఖాళీ కుర్చీలు, మలుపు తిరుగుతున్న తన బస్సు కనిపించాయి.

వెంటనే తల్లికి ఫోన్ చేశాడు. "అమ్మా! యాడున్నవ్? దిగుండ్రి!"

"ఎట్ల దిగుతంరా, మంచిగ పోతుంటే? నువ్వు పనిజేసే జాగ జూపిస్తుండ్రట."

"ఎవలు జెప్పిండ్రు?"

"నేనే జెప్పిన. అందరు ఎటు పోతున్నమని అడుగుతుండ్రు మరి."

సార్ స్కూటీ తీశాడు. వినోద్ వెనుక కూర్చున్నాడు. ఉధ్నా సిగ్నల్ దగ్గర బస్సు పక్కకు చేరి సార్ చేతులూపుతూ, "దిగుండ్రి! జల్ది దిగుండ్రి!" అని అరిచాడు. ఏసీ అద్దాల వెనుక నుంచి ముప్పై ఎనిమిది మంది ఎంతో మర్యాదగా టాటా చెప్పారు. తర్వాతి స్టాపుల్లో కంపెనీవాళ్లు ఎక్కి, తమ సీట్లలో పిల్లలు పల్లీలు తింటుండడం చూసి, వాళ్లు కూడా ఫ్యామిలీ డే అనుకుని, తమ ఇళ్లలో ఎందుకు చెప్పలేదని భార్యలకు ఏం సంజాయిషీ ఇవ్వాలో ఆలోచిస్తూ హజీరా దాకా నిలబడ్డారు.

కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లకు చెమటలు పట్టాయి. ఒక్కరికీ పాసు లేదు. అడిగితే అందరూ సారక్కను చూపిస్తున్నారు. చివరికి ఒక ఆఫీసర్ వచ్చి, ఆ ఎండలో పిల్లలను నిలబెట్టలేక గేటు బయటి క్యాంటీన్లో కూర్చోబెట్టి పోహా, చాయ్ పెట్టించాడు. నాస్తా కాగానే అదే బస్సులో వెనక్కి పంపమని భరత్‌భాయ్‌కి చెప్పి, తల పట్టుకుని లోపలికి పోయాడు.

అప్పుడొచ్చింది స్కూటీ. దశరథం సార్ దిగి క్యాంటీన్ వైపు చూశాడు. పనికి ఆలస్యమై కూలీ పోయినవాళ్లు తిట్టకుండా వదులుతారా? ఆయన కళ్లముందు బడి మేడలో ఎంబ్రాయిడరీ మిషన్లు అప్పుడే తిరగడం మొదలుపెట్టాయి. వినోద్ ఎవరి మొహమూ చూడలేక గేటు వైపు పరుగెత్తి, హాజరు మిషన్ మీద వేలు పెట్టాడు. పచ్చ లైటు వెలిగింది. తెర మీద అతని పేరు, ఫోటో వచ్చాయి. ఇనుప గేటు దానంతట అదే తెరుచుకుంది. "ఆవో వినోద్‌భాయ్, ఆజ్ లేట్?" అని లోపలికి రమ్మన్నాడు అక్కడి కాపలాదారు.

క్యాంటీన్లో అందరూ చెంచాలు పట్టుకునే గేటు వైపు తిరిగారు.

"ఇరవై ఏండ్ల సంది మా సాంచాల సేఠ్ నన్ను 'ఏ తెలుగు' అనే పిలుస్తడు," అన్నాడు వెంకటయ్య నెమ్మదిగా. "వీని పేరు గేటుకు సుత ఎరుకే."

సారక్క కొంగుతో కళ్లు తుడుచుకుని, ఇంకో ప్లేటు పోహా అడిగింది.

సార్ స్కూటీ మీద ఒంటరిగా బడికి చేరేసరికి పదకొండు ముప్పావు. బస్సు తనకంటే ముందే దింపేసి వెళ్లిపోయింది. గేటు దగ్గర గుంపు చూసి, తిట్లు తినడానికి సిద్ధపడే లోపలికి అడుగుపెట్టాడు. కానీ అది గుంపు కాదు, వరుస. ఆ చివర పద్మారాణి తలెత్తకుండా ఫారాలు నింపుతోంది. మేడ తాళాల కోసం వచ్చిన సేఠ్ ఆ వరుసను రెండుసార్లు లెక్కపెట్టుకుని, స్కూటర్ తిప్పుకున్నాడు.

సార్‌కు సంతోషం ఆగలేదు. అయినా మోసం చేయడం ఆయన వల్ల కాదు. కుర్చీ ఎక్కి చేతులు జోడించాడు. "అయ్యా, ఒక్క మాట. ఆ బస్సు మన బడిది కాదు. కంపెనీది. మన పిల్లలు నడిచే రావాలె."

"గంత తెల్వదా సార్ మాకు?" అన్నాడు వెంకటయ్య. "పోరడు సదువుకొని, నౌకరొచ్చినంక ఎక్కుతడు. పదిహేనేండ్లు పట్టనియ్యి. గని అప్పుడు మంది ఎక్కువైతరు. ఇప్పుడే రాసుకుంటె మంచిది."

ఆ రోజు రిజిస్టరులో ఇరవై ఆరు కొత్త పేర్లు చేరాయి. వాటిలో పదకొండింటి పక్కన, తండ్రులు దగ్గరుండి మరీ రాయించిన మాట ఒకటే: 'కిటికీ సీటు'.