రెండు మూతల గుట్టు

ఆ ఉదయం చేపల వేటకు బయలుదేరుతూ కొండబాబు, మేకుతో కలిపికొట్టిన రెండు డబ్బా మూతలను చొక్కాలో దాచుకున్నాడు. భార్య గున్నమ్మ చూడనే చూసింది.

"మూత లేక ఉప్పంతా నీరైపోతన్నాది. దాంతో నీకేటి పని?"

పని ఉంది. చేపలున్న చోటు కనిపెట్టడంలో ఆ తీరాన అతన్ని మించినవాడు లేడు. కానీ బావమరిది త్రినాథ్ పడవకు వైర్‌లెస్‌లో చెబితే చాలు, ఊరి పడవలన్నీ వినేసి వచ్చి పడేవి. మూడు నెలలుగా కష్టం ఒకడిది, చేప అందరిది. ఈరోజు కూడా వల ఖాళీగా వస్తే ఎక్కడో దూరాన ఉన్న వెరావల్ రేవుకు రైలెక్కి కూలికి పోవాలి. అది తలచుకుంటేనే అతనికి ప్రాణం ఉసూరుమంటోంది.

అందుకే పెద్ద మూత మీద కొండ, మొగ, తాటితోపు, లైట్‌హౌస్ అంటూ ఒడ్డు గుర్తులు రాశాడు. పైన తిరిగే చిన్న మూత మీద కూరగాయల పేర్లు. త్రినాథ్‌కూ అలాంటిదే ఒకటి ఇచ్చాడు.

"ఈయేళ వంకాయని కొండకి ఎదురుగా తిప్పు. మిగతాయి వాటంతటవే కుదురుకుంటాయి," అన్నాడు ఒడ్డున.

"అలాగే బావా."

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర కానాగంత చేపలు కుతకుతలాడుతున్నాయి. కొండబాబు మూతల మీద మొగకు ఎదురుగా ఏముందో చూసుకుని, వైర్‌లెస్ అందుకుని "గుమ్మడికాయ!" అన్నాడు.

త్రినాథ్ మూతలకు మేకు వదులైంది. కెరటానికోసారి చిన్న మూత తిరిగిపోతోంది.

"మల్లీ సెప్పు బావా!"

"గుమ్మడికాయరా! నా కర్మ, గుమ్మడికాయ! గుమ్మడికాయ!"

ఇదంతా పక్క పడవలో పోతురాజు విన్నాడు. "కొండబాబు మావకి ఎండదెబ్బ తగిలినట్టున్నాది. కూరలు కలవరిస్తన్నాడు. పదండర్రా!" అని అందరికీ చెప్పాడు.

నీళ్ల మీద ఆపదంటే పోటీలుండవు. పంతొమ్మిది పడవలు వచ్చాయి. ఒకడు నెత్తిన నీళ్లు పోశాడు, ఒకడు గంజి పట్టాడు.

"నాకేటీ అవనేదు! వల ఎయ్యనియ్యండి!"

"తొంగో మావా," అని పోతురాజు అతన్ని పడుకోబెట్టి కదలకుండా పట్టుకున్నాడు. మిగతావాళ్లు ఎలాగూ వచ్చాం కదా అని వలలు వేశారు.

కొండబాబు ఒడ్డుకు వచ్చి ఇసుకలో చతికిలబడ్డాడు. ఏడుద్దామన్నా ఓపిక లేదు.

"సంచీ సర్దేసే," అన్నాడు గున్నమ్మతో.

అప్పుడే త్రినాథ్ పడవ వచ్చింది, బరువుకు అంచుదాకా మునిగి.

"నీ మూతలు దేవుళ్లు బావా!" అని ఊరంతా వినేలా అరిచాడు. "గుమ్మడికాయంటే తాటితోపు సూపించాయి. అక్కడ ఒక్క పడవ నేదు, అన్నీ సేపలే! సగం నీయే!"

గుమ్మడికాయంటే తాటితోపు కాదు, మొగ అని చెప్పబోయి కొండబాబు నోరు మూసుకున్నాడు. గున్నమ్మ సంచీ విప్పేసింది.

మర్నాటికి పంతొమ్మిది ఇళ్లలో ఉప్పు డబ్బాలకు మూతలు లేవు.